బాడుగ ఇంటి తగువు ఎవరి కోర్టుది?

మా వైపు ‘అద్దె’ అనే మాట పుస్తకాల్లోనే కనిపిస్తుంది. నోటికి వచ్చేది ‘బాడుగ’. బాడుగిల్లు, బాడుగ బండి, బాడుగ అంగడి. ప్రభుత్వం వారి కాగితాల్లో వాల్మీకిపురమైనా పెద్దవాళ్ళ నోట వాయల్పాడే అయినట్టు, చట్టం పుస్తకంలో అది ‘లీజు’ కావచ్చుగాని, నెల మొదటి తారీకున వాకిట్లో నిలబడి అడిగేది మాత్రం బాడుగే.

బాడుగ ఇల్లన్నాక ఏదో ఒకనాటికి “అమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యండి” అనే మాట వినక తప్పదు. మర్యాదగా అయితే సరే. తగువు పడితే? కోర్టుకు వెళ్తాం అంటారు ఎవరైనా. ఏ కోర్టుకు అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. చాలామంది అది వకీళ్ళకు సంబంధించిన గొడవ, మనకెందుకు అనుకుంటారు. కాని రెండువందల ఏళ్ళ చరిత్ర తిరగేస్తే, ఖాళీ చెయ్యాలా అక్కర్లేదా అన్న తీర్పు కంటే, ఆ తీర్పు ఎవరు చెప్పాలి అన్న తగువే ఎక్కువ సంసారాలను నిలబెట్టింది, పడగొట్టింది కూడా.

మన మదనపల్లె, వాయల్పాడు, పుంగనూరు, కుప్పం ఇప్పుడు ఒక్క గుంపుగా కనిపిస్తాయిగాని పాత రోజుల్లో భూమి లెక్కలో వేరువేరు లోకాలు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోవి. 1800లో నిజాం దగ్గర్నుంచి కంపెనీ వారికి దత్తత వచ్చిన సీమ అది. మన్రో దొర కలెక్టరుగా వచ్చి రైతు పేరన్నే పట్టా కట్టిన చోటు. పుంగనూరు, కుప్పం వైపున్న కంగుంది జమీందారీలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ వూళ్ళన్నీ ఒకే గొడుగు కిందకు రాలేదు.

అంచేత వాయల్పాడు రైతుకు దొర సర్కారే. పుంగనూరు జమీందారీలో రైతుకు మాత్రం సర్కారుకూ తనకూ మధ్యన జమీందారుగారుండేవారు. ఆయన మనుషులు వచ్చి “నీ చేను వదిలిపో” అంటే రైతు ఎక్కడికి పోవాలి? 1908లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు అని ఒకటి చేసింది. జమీందారీలో రైతీ భూమి దున్నుకుంటున్న రైతుకు ఆ భూమిమీద శాశ్వతమైన హక్కు వుందంది. చట్టంలో చెప్పిన కారణాలకు తప్ప వెళ్ళగొట్టకూడదంది. ఇంతవరకూ అందరూ చెప్పే మాటే. అసలు కిటుకు ఇంకోచోట వుంది. ఇలాంటి దావాలను మామూలు సివిలు కోర్టుల చేతుల్లోంచి తీసి రెవెన్యూ అధికారుల కోర్టులకు అప్పగించింది ఆ చట్టం. అంటే జమీందారు మునసబు కోర్టులో దావా వేస్తే, రైతు తరఫు వకీలు మొట్టమొదట అనే మాట “అయ్యా, ఈ కేసు వినే అధికారం తమకు లేదు” అని. భూమి ఎవరిదీ, శిస్తు ఎంత బాకీ అన్న మాటలన్నీ ఆ తరువాతే. ఎదుటివాడు అవునంటాడు, కాదంటాడు. ఈలోగా ఒక పంట చేతికొస్తుంది. ఆ ఒక్క పంటే కావాలి చాలామందికి!

ఇళ్ళ విషయం భూములంత పాతది కాదు. యుద్ధానికి ముందు బాడుగ ఇంటికి ప్రత్యేకంగా చట్టం లేదు. 1882నాటి ఆస్తి బదిలీ చట్టమే గతి. దాని 106వ సెక్షను ప్రకారం నెలవారీ బాడుగ ఇల్లయితే యజమాని పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, సివిలు కోర్టులో దావా వెయ్యవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. కాని ఆ నోటీసులో ఒక ముల్లు వుండేది. పదిహేను రోజుల గడువు బాడుగ నెల చివరి దినంతో ముగియాలి. ఒకటో తారీకున మొదలయ్యే బాడుగకు పదో తారీకున నోటీసిచ్చి ఇరవయ్యయిదుకు ఖాళీ చెయ్యమంటే అది చెల్లేది కాదు. ఆ ఒక్క తప్పుకు ఏళ్ళతరబడి నడిచిన దావాలు కొట్టుబడిపోయాయి. పార్లమెంటు ఆ ముల్లు తీసేసరికి 2002 డిసెంబరు వచ్చింది. నూటయిరవై ఏళ్ళు ఎందరు యజమానురాళ్ళు, పోయిన భర్త కట్టించిన రెండు గదుల మీద ఆధారపడ్డవాళ్ళు, తారీకు తప్పినందుకు మళ్ళీ మొదటి మెట్టుకు వచ్చారో.

రెండో ప్రపంచ యుద్ధం అన్నిటినీ మార్చినట్టే ఇళ్ళ బాడుగలనూ మార్చింది. పట్నాలకు జనం పోటెత్తారు, సిమెంటూ ఇనుమూ దొరక్క కొత్త ఇళ్ళు లేవలేదు, బాడుగలు పెరిగాయి. మద్రాసు ప్రభుత్వం 1941లో రక్షణ నిబంధనల కింద ఇంటి బాడుగల ఉత్తర్వు తెచ్చింది. యుద్ధం ముగిసినా ఇళ్ళ కరువు ముగియలేదు కనుక 1946లో అది చట్టమయింది, 1949లో మళ్ళీ కొత్త చట్టమయింది. 1953లో మనం మద్రాసు నుంచి విడిపోయి వచ్చినప్పుడు మూటా ముల్లెతో బాటు ఆ చట్టాన్నీ తెచ్చుకున్నాం. అవతల హైదరాబాదు వాళ్ళకు 1954నాటి చట్టం వేరే వుంది. రెండిటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్‌కంతకూ ఒకటే చేశారు: భవనాల లీజు, బాడుగ, ఖాళీ చేయించే విషయాల నియంత్రణ చట్టం.

దీంతో కొత్త మనిషి ఒకరు రంగం మీదికి వచ్చారు. ఆయన రెంట్ కంట్రోలరు. తహసీల్దారు హోదాకు తగ్గని అధికారి ఎవరైనా వుండవచ్చునంది చట్టం. రానురాను చాలా వూళ్ళలో ఆ పని మునసబుగారికే అప్పగించారు. ఇది తమాషాగా వుంటుంది చూడండి. ఆ కుర్చీలో మునసబుగా కూర్చున్నప్పుడు ఆయనకు బాడుగ ఇంటి కేసు వినే అధికారం లేదు. అదే కుర్చీలో రెంట్ కంట్రోలరుగా కూర్చున్నప్పుడు వుంది. మనిషొకడే, బల్ల ఒకటే, గుమాస్తా ఒకడే. ఫైలు మీద అక్షరాలు మారితే చాలు. చూసేవాళ్ళకు నవ్వులాట. తప్పు ఫైల్లో కేసు వేసి, పై కోర్టుదాకా వెళ్ళి, “ఇది ఇక్కడ వెయ్యవలసింది కాదు” అనిపించుకుని వెనక్కు వచ్చినవాళ్ళకు మాత్రం కాదు.

ఇంకొక మెలిక వుంది, అది మన వాయల్పాడుకు నేరుగా తగిలేది. 1960 చట్టం హైదరాబాదు, సికిందరాబాదులకూ, మునిసిపాలిటీలన్నిటికీ వర్తిస్తుందన్నారు; తక్కిన చోట్లకు ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషను ఇస్తేనే. మునిసిపాలిటీ వున్న మదనపల్లెలో బాడుగకున్న సంసారానికి ఒక రక్షణ, నోటిఫికేషను లేని పంచాయితీ వూళ్ళో అదే బాడుగ కట్టే సంసారానికి ఆ పదిహేను రోజుల నోటీసే. బస్సెక్కితే గంట దూరం. కుప్పం సంగతి చూడండి. అక్కడ మొదటి మునిసిపల్ ఎన్నికలు జరిగింది 2021లో. వూరు పంచాయితీయా, మునిసిపాలిటీయా అన్నది కుళాయి నీళ్ళకూ వీధి దీపాలకూ సంబంధించిన విషయమనే అనుకుంటాం. వంటింట్లో పొయ్యి ఎన్నాళ్ళు అక్కడే వుంటుందన్నది కూడా దాన్నిబట్టే వుంటుందని ఎవరికి తడుతుంది?

ఆ చట్టం లోపల కొన్ని విషయాలు మాత్రం ఆడవాళ్ళు రాసినట్టే వుంటాయి, అంత గృహజ్ఞానం. బాడుగ ఇస్తే రశీదు ఇవ్వాల్సిందే. యజమాని కావాలనే బాడుగ తీసుకోకుండా తప్పించుకుని, తరువాత “మూణ్ణెల్లు కట్టలేదు” అని కేసు వేస్తే? దానికి ఉపాయం చెప్పారు. ఏ బ్యాంకులో వెయ్యమంటారో చెప్పండని ముందు అడగాలి. చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి, కమీషను ఖర్చు బాడుగలోంచే మినహాయించుకుని! ఆ మనియార్డరు రశీదులు ఎన్ని ఇళ్ళలో బియ్యం డబ్బా అడుగున, దేవుడి పటం వెనకాల భద్రంగా వుండేవో ఆ కాలం వాళ్ళకు తెలుసు. కావాలని ఎగ్గొట్టడం వేరు, ఇవ్వబోతే తీసుకోకపోవడం వేరు అని నిరూపించేది ఆ గులాబీ కాగితమో పచ్చ కాగితమో.

ఆ చట్టం కింద ఖాళీ చేయించాలంటే కారణం కావలసి వచ్చేది. బాడుగ ఎగ్గొట్టడం, అడక్కుండా ఇంకొకరికి బాడుగకివ్వడం, ఇల్లు పాడు చెయ్యడం, ఇరుగుపొరుగుకు బాధ కలిగించడం, యజమానికే నిజంగా ఆ ఇల్లు అవసరం కావడం, ఇలాంటివి. వాటిల్లో ఒకటి నాకెప్పుడూ జూదంలా కనిపిస్తుంది. బాడుగకున్నవాడు “అసలు నువ్వు ఈ ఇంటి యజమానివే కాదు” అన్నాడనుకోండి. అప్పుడు రెంట్ కంట్రోలరు ముందు ఒక్కటే తేల్చాలి. ఆ మాట నిజాయితీతో అన్నదా, సాగదియ్యడానికి అన్నదా. నిజాయితీ వుందని తోస్తే కేసు ఆయన చేతుల్లోంచి జారిపోతుంది. యజమాని సివిలు కోర్టుకు వెళ్ళి దావా వేసుకోవాలి. నిజాయితీ లేదని తేలితే? అలా అన్నందుకే ఖాళీ చేయించవచ్చు! వేరే కారణం అక్కర్లేదు. ఒక్క మాటకు అటు ఏళ్ళ వ్యవధి, ఇటు వీధిపాలు.

ఒక విధవరాలు భర్త పేరున్న ఇంటికి బాడుగ వసూలు చేసుకుంటున్నదనుకోండి. మరిది ఒకడు వచ్చి సగం నాదంటాడు. బాడుగకున్న పెద్దమనిషి మరిది పక్షం చేరి “యజమాని ఎవరో నాకు తెలియదు” అంటాడు. ఆవిడ రెంట్ కంట్రోలరు దగ్గరకు వెళ్ళింది సులువుగా తేలుతుందని. అక్కడ పంచాయితీ ఇంటి గురించి కాక వంశవృక్షం గురించి అయికూచుంటుంది. అయితే చట్టం చేసినవాళ్ళు ఇక్కడ ఒక మంచి పని చేశారు. కేసు సివిలు కోర్టుకు వెళ్ళాక, ఆ అభ్యంతరం వట్టిదని కోర్టుకు తోచినా మళ్ళీ వెనక్కు పంపనక్కర్లేదు, అక్కడే ఖాళీ చెయ్యమని డిక్రీ ఇవ్వవచ్చు. ఈ బంతి అటూ ఇటూ ఎగరడం ఒక్కసారితో ఆగాలని ఎవరో ఆలోచించారన్నమాట.

ఇహ 1957 ఆగస్టు 26. ఆ తారీకు చాలామంది ఇంటి యజమానులకు పుట్టినరోజుకంటే గుర్తుండేది. ఆనాటినుంచి కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించదన్నారు. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళకు హుషారు కలగాలని. మొదట్లో న్యాయంగానే తోచింది. కాని ఏళ్ళు గడిచాయి. పాతికేళ్ళ ఇల్లు కూడా ‘కొత్త’ ఇల్లే అయికూచుంది! మోటార్ జనరల్ ట్రేడర్స్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1983 అక్టోబరులో ఆ మినహాయింపును కొట్టేసింది. పుట్టినప్పుడు సబబుగా వున్న నియమం కాలం గడిచేకొద్దీ వివక్ష అయిపోవచ్చునంది. ఒక్క రోజుతో ఎన్నో ఇళ్ళు సివిలు కోర్టు పరిధిలోంచి రెంట్ కంట్రోలరు పరిధిలోకి వచ్చిపడ్డాయి. వచ్చినవి ఎన్నాళ్ళున్నాయి? రెండు నెలలు. 1983 డిసెంబరు 29న ప్రభుత్వం జీవో ఇచ్చింది, కట్టి పదేళ్ళు నిండని భవనాలకూ, నెలకు వెయ్యి రూపాయలు దాటిన బాడుగలకూ చట్టం వర్తించదని. 2005లో దాన్ని పదిహేనేళ్ళకూ, కార్పొరేషన్లలో 3,500కూ, తక్కిన చోట్ల 2,000కూ మార్చారు.

ఈ అంకెల్లోని తిరకాసు ఇల్లు నడిపే ఆడవాళ్ళకు వెంటనే బోధపడుతుంది. రెండువేలు కట్టే పోర్షనుకు రక్షణ వుండేది, పక్కన రెండువేల వంద కట్టే పోర్షనుకు వుండేది కాదు. రాళ్ళు అవే, గోడ ఒకటే. “పోనీలెండమ్మా, ఇంకో వంద వేద్దాం” అని యజమాని అడిగినప్పుడు ఆ వందతో బాటు కోర్టు కూడా మారిపోతున్నదని బాడుగకున్నావిడకు తెలియకపోవచ్చు. ధరలు పెరిగేకొద్దీ ఆ గీత దాటని ఇళ్ళు తగ్గిపోయాయి. పేదవాళ్ళ కోసమని గీసిన గీత, ఎవరూ చెరపకుండానే, దానంతటదే కిందికి దిగిపోయింది.

ఈ ‘ఎవరి కోర్టు’ జబ్బు మనదొక్కళ్ళదే కాదు. ఢిల్లీలో 1937లో ఫెడరల్ కోర్టు అని ఒకటి తెరిచారు, సుప్రీంకోర్టుకు పూర్వరూపం. అది విన్న తొలి కేసుల్లో ఒకటి అతీకా బేగం అనే భూస్వామినిది. సంయుక్త రాష్ట్రాలలో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో, ధరలు పడిపోయిన రోజుల్లో ప్రభుత్వం రైతుల శిస్తులు తగ్గించింది. ఆవిడ పూర్తి శిస్తు కావాలని దావా వేసింది. ఆ తగ్గింపులను ఏ కోర్టూ ప్రశ్నించరాదని రాష్ట్రం 1938లో చట్టం చేస్తే, అలా చేసే అధికారం రాష్ట్రానికి వుందా అన్నది ప్రశ్న. వుందని ఫెడరల్ కోర్టు 1940లో చెప్పింది.

అమెరికాలో ఇప్పటికీ ఫెడరల్ కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. మన పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్టుమెంటు బాడుగకు తీసుకుంటే, ఖాళీ చేయించే కేసు రాష్ట్రపు కోర్టులో వేస్తారు. అక్కడ ఒక చిత్రమైన వెసులుబాటు వుంది. ఫెడరల్ చట్టం కిందికి వచ్చే కేసు అయితే ప్రతివాది ముప్ఫై రోజుల్లో ఒక నోటీసు దాఖలు చేసి కేసును ఫెడరల్ కోర్టుకు తరలించుకోవచ్చు. దాఖలు చేసి ఆ సంగతి తెలియజేసిన క్షణంలోనే రాష్ట్రపు కోర్టు చేతులు కట్టుకు కూర్చోవాలి. గుమ్మం దగ్గర అధికారి సామాను బయట పెట్టించబోయే ముందురోజు, వకీలుకు డబ్బు లేని ఏ తల్లో ఈ కాగితం దాఖలు చేసి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కాస్తే. ఎందుకంటే ఆ కేసు దాదాపు ఎప్పుడూ వెనక్కే వస్తుంది. వట్టి కాలయాపన అని తోస్తే ఖర్చులు కూడా నెత్తిన పడవచ్చు.

ఎందుకు వెనక్కు వస్తుంది అనేదానికి వెనక ఒక దంపతుల కథ వుంది. ఎరాస్మస్ మాట్లీ, ఆయన భార్య యానీ 1871లో ఒక రైలు ప్రమాదంలో దెబ్బలు తిన్నారు. కోర్టుకెక్కకుండా వుంటే జీవితాంతం ఉచితంగా ప్రయాణించే పాసు ఇస్తామని రైలు కంపెనీ రాజీ చేసుకుంది. ముప్ఫయ్యయిదేళ్ళు ఇచ్చింది కూడా. 1906లో ఉచిత పాసులను నిషేధిస్తూ చట్టం రాగానే ఆపేసింది. దంపతులు ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టు 1908లో, ఎవరూ అడక్కుండానే, ఈ కేసు వినే అధికారం మాకు లేదంది. మీ దావా ఒప్పందం మీద; ఫెడరల్ చట్టం ఎదుటివాళ్ళు చెప్పబోయే సాకులోనే వుంది, మీ ఫిర్యాదులో లేదు; అందుచేత ఫెడరల్ కేసు కాదు, అని. పాపం వాళ్ళు రాష్ట్రపు కోర్టుకు వెళ్ళి గెలిచారు. కంపెనీ అప్పీలు చేసింది. 1911లో అదే సుప్రీంకోర్టు, ఈసారి అధికారం వుందని విని, పాసు చెల్లదని తేల్చింది! వృద్ధ దంపతుల రైలు పాసు అలా పోయిందిగాని వాళ్ళ పేరు మీద వచ్చిన సూత్రం మాత్రం బాడుగ ఇళ్ళను పట్టుకుంది. ఇంటి యజమాని ఫిర్యాదులో వుండేది బాడుగ, ఒప్పందం, రాష్ట్రపు చట్టం. “ఫెడరల్ చట్టం ప్రకారం నాకు ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి కదా” అనేది బాడుగకున్నవాళ్ళ జవాబు. జవాబును బట్టి కోర్టు మారదు. 2020లో కోవిడ్ రోజుల్లో వచ్చిన సహాయ చట్టాన్ని చూపించి ఇలా తరలించబోయినవాళ్ళకూ ఇదే చెప్పారు. ఆనాడు ఖాళీ చేయించడంమీద కేంద్ర ఆరోగ్య సంస్థ పెట్టిన నిషేధాన్ని అక్కడి సుప్రీంకోర్టు ఆపేసిన తారీకు 2021 ఆగస్టు 26. మన 1957 తారీకుతో కలిసిందని నేను సరదాకు చెబుతున్నాను, అంతకంటే ఏం లేదు.

మన దగ్గరకు వద్దాం. బాడుగ పత్రం మీద సంతకం ఎక్కువగా మగవాడిది. ఆయన పోతే? 1960 చట్టంలో, ఇంట్లో కలిసి వుంటున్న భార్యా, కొడుకులూ, కూతుళ్ళూ కూడా బాడుగదార్లే అన్నారు. కూతురు అనే మాట వేరుగా రాయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అంగళ్ళ విషయంలో సందేహం వుంటే, ఢిల్లీలో భర్త నడిపిన దుకాణాన్ని వదలనన్న జ్ఞాన్ దేవి ఆనంద్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు వ్యాపార బాడుగ రక్షణ కూడా వారసులకు వస్తుందన్నారు.

భర్త పోకుండా, వదిలేసి పోతే? బెంగుళూరులో అచలా ఆనంద్ అనే ఆవిడది ఆ గతి. ఇంటి యజమాని అప్పిరెడ్డిగారు కేసు వేసింది భర్తమీద. ఆయనకేం, వేరే వుంటున్నాడు, పోరాడే అవసరం లేదు. ఆవిడ నేను వాదించుకుంటానంటే నువ్వెవరన్నారు. 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, భర్త వదిలేసిన భార్య ఆ కాపురపు ఇంట్లోనే వుంటుంటే, భర్త కేసును గాలికొదిలినప్పుడు ఆయన స్థానంలో నిలబడి వాదించుకోవచ్చునని చెప్పింది. భర్త చెప్పుకోగల సమాధానాలన్నీ ఆవిడా చెప్పుకోవచ్చు, బాడుగ కట్టడం లాంటి బాధ్యతలూ మొయ్యాలి. ఇది మంచి మాటే. కాని ఆవిడకు దక్కలేదు. కేసు నడుస్తుండగానే విడాకులయ్యాయి. భార్య కాకపోయాక ఆ హక్కూ పోయింది. విడాకుల డిక్రీలో నివాసం గురించి ఒక్క మాట రాయించుకుని వుంటే వేరుగా వుండేది; అందులో లేదు.

ఆ ఏడాదే సెప్టెంబరులో గృహహింస చట్టం వచ్చింది. కాపురం చేసిన ఇల్లు సొంతమైనా బాడుగదైనా ‘ఉమ్మడి నివాసం’ అంది. భార్యను అక్కణ్ణించి వెళ్ళగొట్టవద్దనీ, అలాంటిదే వేరే ఇల్లు చూపించమనీ, లేదా బాడుగ కట్టమనీ భర్తను ఆదేశించవచ్చునంది. ఆ దరఖాస్తు వెయ్యవలసింది మునసబుగారి దగ్గరా కాదు, రెంట్ కంట్రోలరు దగ్గరా కాదు. మేజిస్ట్రేటు దగ్గర.